ఇంటి వర్క్‌షాపులో రోటరీ ఫేజ్ కన్వర్టర్ ఖాళీగా తిరిగితే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

మల్కాపురం ఫిట్టర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఓడల నిర్మాణంలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. విశాఖపట్నం మల్కాపురంలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాను. అందులో 2 హెచ్‌పీ లేత్, 1 హెచ్‌పీ పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్, పాతదే అయినా గట్టిదైన 3 హెచ్‌పీ షేపర్ (లోహాన్ని చదునుగా చెక్కే యంత్రం) ఉన్నాయి. మూడింటివీ త్రీఫేజ్ మోటార్లే, ఇంటికి ఉన్నది మాత్రం సింగిల్ ఫేజ్ సర్వీసు. అందువల్ల గాజువాకలో మోటార్లు చుట్టే ఒక మిత్రుడి చేత సింగిల్ ఫేజ్‌ను త్రీఫేజ్‌గా మార్చే రోటరీ ఫేజ్ కన్వర్టర్ కట్టించుకున్నాను. 230 వోల్టులను 415 వోల్టులకు పెంచే ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద ఖాళీగా తిరుగుతూ మూడో ఫేజును పుట్టించే 5 హెచ్‌పీ ఐడ్లర్ మోటారు, దానికి తగిన స్టార్టింగ్, రన్నింగ్ కెపాసిటర్లు, ఇదీ దాని ఏర్పాటు. యంత్రాలు చక్కగా నడుస్తున్నాయి, ఆ విషయంలో నాకు ఏ లోటూ లేదు.

నా సందేహమంతా బిల్లు గురించే. ఏ యంత్రమూ వేయకుండా ఐడ్లర్ ఒక్కటే తిరుగుతున్నప్పుడు 230 వోల్టుల వైపు క్లాంప్ మీటరు పెట్టి చూస్తే 11 ఆంపియర్లు చూపిస్తోంది. 230ని 11తో హెచ్చిస్తే 2530 వాట్లు, అంటే రెండున్నర కిలోవాట్లు. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 25 రోజులు షెడ్డులో ఉంటాననుకుంటే ఖాళీ తిరుగుడుకే 253 యూనిట్లు అవుతాయి. వేసవిలో ఏసీతో కలిపి మా ఇంటి వాడకమే 330 యూనిట్ల దాకా వస్తోంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 వరకు యూనిట్టుకు 8.75 రూపాయలు, 400 దాటిన ప్రతి యూనిట్టుకు 9.75 రూపాయలు. ఆ లెక్కన ఒక్క ఐడ్లర్ వల్లనే నెలకు దాదాపు 2,400 రూపాయలు అదనంగా పడేలా ఉంది. పింఛను మీద బతికేవాడికి ఇది చిన్న మొత్తం కాదు.

నా పని తీరు కూడా చెబుతాను. నాలుగు గంటలు షెడ్డులో ఉన్నా లేత్ తిరిగేది గంటకు మించదు. మిగిలిన సమయమంతా మైక్రోమీటరుతో కొలుచుకోవడం, మార్కింగ్ చేసుకోవడం, టూల్ బిట్ పదును పెట్టుకోవడంతో గడుస్తుంది. అంతసేపూ ఐడ్లర్ మూలన రొద చేస్తూనే ఉంటుంది. నా లెక్క సరైనదేనా, ఈ ఖర్చు తగ్గే మార్గం ఏదైనా ఉందా అని అనుభవజ్ఞులు చెప్పగలరు.

కంచరపాలెం ఎలక్ట్రికల్:

ఫిట్టర్ గారూ, క్లాంప్ మీటరు అబద్ధం చెప్పలేదు గానీ, ఆంపియర్లను వోల్టులతో హెచ్చించిన మాత్రాన వచ్చేది మీరు డబ్బు కట్టవలసిన వాట్లు కాదు. అవి వోల్ట్ ఆంపియర్లు. ఖాళీగా తిరిగే ఇండక్షన్ మోటారు తన ఇనుప కోర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టుకోవడానికి పెద్ద కరెంటునే తీసుకుంటుంది. కానీ ఆ కరెంటు మోసుకొచ్చే శక్తిలో అధిక భాగాన్ని సెకనుకు వందసార్లు లైనులోంచి తీసుకుని, అన్నిసార్లూ తిరిగి లైనుకే ఇచ్చేస్తుంది. మీ ఇంటి మీటరు కిలోవాట్ అవర్లను (యూనిట్లను) మాత్రమే లెక్కిస్తుంది, అంటే నిజంగా ఖర్చయిపోయిన శక్తినే. వైండింగులో వేడిగా, కోర్‌లో నష్టంగా, బేరింగుల్లోనూ వెనుక ఫ్యానులోనూ రాపిడిగా పోయేదే మీ బిల్లులోకి వస్తుంది. ఖాళీ మోటారు పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్ ఆంపియర్లలో అసలు వాట్ల వంతు) 0.15, 0.2 దగ్గర ఉండడం సర్వసాధారణం కనుక, మీ 2530లో అసలు వాట్లు 400 నుంచి 500 మధ్య ఉంటాయని నా అంచనా.

అయితే అంచనాతో సరిపెట్టుకోనవసరం లేదు, మీ గోడ మీదున్న మీటరే దీన్ని కచ్చితంగా చెబుతుంది. దాని ముఖం మీద ఎర్రగా మిణుకుమిణుకుమనే చిన్న దీపం ఒకటి ఉంటుంది, దాని పక్కనే ఒక కిలోవాట్ అవర్‌కు ఎన్ని మిణుకులో అచ్చువేసి ఉంటుంది. సింగిల్ ఫేజ్ మీటర్లలో 3200 అని ఉన్నవి చాలా కనిపిస్తాయి, కొన్నింటిలో 1600 ఉంటుంది. ఇంట్లోని ఎంసీబీలన్నీ దించి, షెడ్డుకు వెళ్లేది ఒక్కటే ఉంచండి. ఫ్రిజ్‌ను మరిచిపోవద్దు, బ్యాటరీ ఇన్వర్టరును అసలే మరిచిపోవద్దు. కరెంటు తీసి మళ్లీ ఇచ్చిన వెంటనే ఇన్వర్టర్ తన బ్యాటరీని ఛార్జి చేసుకోవడం మొదలుపెట్టి మీ కొలతను పాడుచేస్తుంది. ఐడ్లర్‌ను పది నిమిషాలు తిరగనిచ్చిన తరువాత, ఒక మిణుకు దగ్గర గడియారం మొదలుపెట్టి ఆ తరువాత వచ్చే పదో మిణుకు దగ్గర ఆపండి. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించండి, వచ్చేదే వాట్లు. 1600 మీటరైతే 22,500ని భాగించాలి.

కెపాసిటర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల వైపున 440 వోల్టుల మోటార్ రన్ రకం కెపాసిటర్లు సుమారు 100 మైక్రోఫ్యారడ్లు కలిపితే, మీ 11 ఆంపియర్లు 4 దగ్గరికి దిగుతాయి. బిల్లు కూడా అదే నిష్పత్తిలో దిగుతుందని చెప్పి, ప్లగ్గులో పెట్టుకునే డబ్బాలను కరెంటు ఆదా పరికరాల పేరుతో అమ్ముతున్నారు. అది నిజం కాదు. మీటరు నుంచి షెడ్డుకు 20 మీటర్ల దూరం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారనుకుంటే, 11 ఆంపియర్లకు ఆ తీగలో వేడిగా పోయేది సుమారు 36 వాట్లు, 4 ఆంపియర్లకు 5 వాట్లు. మీ నూరు గంటల వాడకానికి మిగిలేది నెలకు మూడు యూనిట్లు మాత్రమే. తీగ చల్లగా ఉంటుంది, లైట్లు మసకబారడం తగ్గుతుంది, కనుక పెట్టుకోవడం మంచిదే. పెడితే మాత్రం ఐడ్లర్‌తో పాటే ఆన్, ఆఫ్ అయ్యేలా పెట్టండి, చార్జి దిగిపోవడానికి రెసిస్టర్ తప్పకుండా వేయించండి. బిల్లు తగ్గుతుందన్న ఆశతో మాత్రం పెట్టవద్దు.

గాజువాక రివైండర్:

పైన చెప్పినది అక్షరాలా సరైనది. నేను యంత్రాల వైపు నుంచి చెబుతాను. కన్వర్టర్ బాగా పనిచేస్తున్నా, మూడు యంత్రాలకూ అది అవసరమా అన్నది వేరే ప్రశ్న. లేత్‌కు, డ్రిల్లింగ్ మెషిన్‌కు చెరొక వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారును నడిపే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టుకుంటే ఐడ్లర్ ఊసే ఉండదు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు 2.2 కిలోవాట్ల వరకు మన బజారులో సులువుగా దొరుకుతున్నాయి. కోత పడుతున్నప్పుడు డ్రైవ్ తినేది మోటారు తీసుకునే దానిలో నాలుగైదు శాతమే. మీరు కొలుచుకుంటూ కూర్చున్నంతసేపూ మోటారు ఆగే ఉంటుంది కనుక, డిస్‌ప్లేకు, లోపలి ఫ్యానుకు కలిపి పదిహేను, ఇరవై వాట్లకు మించదు.

ఇప్పుడు అసలు మెలిక వస్తుంది. డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టులు, మీ మోటార్ల నేమ్‌ప్లేటు మీద ఉండేది 415. మన దేశంలో తయారయ్యే మోటార్లు సాధారణంగా 2 హెచ్‌పీ వరకు స్టార్‌లోను, 3 హెచ్‌పీ నుంచి డెల్టాలోను 415 వోల్టులకు కడతారు. మూడు వైండింగుల కొసలను ఒక్కచోట కలిపితే స్టార్, ఒకదాని చివర మరొకటి త్రికోణంలా కలిపితే డెల్టా. స్టార్‌లో ఉన్న మోటారులో ఒక్కొక్క వైండింగుకు పడేది 240 వోల్టులే. కాబట్టి అదే మోటారును డెల్టాకు మారిస్తే 230 వోల్టుల డ్రైవ్ మీద పూర్తి బలంతో తిరుగుతుంది. లేత్ మోటారు టెర్మినల్ బాక్సు మూత తీసి చూడండి. ఆరు టెర్మినళ్లు ఉండి, ఒక వైపు మూడింటినీ ఒకే వరుసలో ఇత్తడి పట్టీలతో కలిపి ఉంటే అది స్టార్. ఆ పట్టీలు విప్పి, నిలువుగా పైదానికీ కిందిదానికీ ఒక్కొక్కటి చొప్పున మూడు బిగిస్తే డెల్టా అవుతుంది. 415 మీద మూడున్నర ఆంపియర్లు తీసుకునే 2 హెచ్‌పీ మోటారు అప్పుడు 6 ఆంపియర్లు తీసుకుంటుంది, 1.5 కిలోవాట్ల డ్రైవ్ అందుకు సరిపోతుంది. డ్రైవ్‌లో మోటారు వోల్టేజీ 230 అనీ, కరెంటు 6 అనీ నమోదు చేయడం మరిచిపోవద్దు. ఒకసారి డెల్టాకు మార్చిన మోటారును మళ్లీ మీ 415 కన్వర్టరుకు కలిపితే కాలిపోతుంది కనుక, మూత మీద పెయింటుతో పెద్దగా రాసి పెట్టండి.

బాక్సులో మూడు తీగలే బయటికి వచ్చి ఉంటే నిరాశపడవద్దు. మూడు వైండింగులు కలిసిన ముడి లోపల నూలు తాడు కింద ఉంటుంది. దాన్ని విప్పి ఆరు తీగలు బయటికి తీయడం రివైండింగ్ దుకాణంలో ఒక పూట పని. వార్నిష్ పెళుసెక్కిన పాత మోటారైతే ఆ ముడిని వేడి చేసి మెత్తబరచి నిదానంగా విప్పాలి. తొందరపడి లాగితే పక్క కాయిల్ ఎనామిల్ గీసుకుపోతుంది.

షేపర్ సంగతి వేరు. అది 415 డెల్టా అయితే 230 డ్రైవ్ మీద 50 హెర్ట్జ్ దగ్గర మూడో వంతు కన్నా తక్కువ టార్క్ (తిప్పే బలం) మాత్రమే ఇస్తుంది, దాంతో కోతలో ఆగిపోతుంది. బేస్ ఫ్రీక్వెన్సీని, అంటే డ్రైవ్ పూర్తి వోల్టేజీ ఇచ్చే ఫ్రీక్వెన్సీని, 28 హెర్ట్జ్‌కు పెడితే పూర్తి టార్క్ వస్తుంది కానీ వేగం సగానికి పడిపోతుంది, హెచ్‌పీ కూడా దాదాపు సగమే. గేరును ఒక మెట్టు పైకి మార్చుకుని తేలిక కోతలు వేయవచ్చు గానీ, షేపరును అలా నడపడం నాకు ఇష్టం లేదు. దానికి మీ రోటరీ కన్వర్టరునే ఉంచుకోండి. పెద్ద మోటారుకు ఒకటిన్నర రెట్లు ఐడ్లర్ ఉండాలన్న లెక్కకు మీ 5 హెచ్‌పీ సరిగ్గా సరిపోయింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. లేత్‌కు ఉన్న ఫార్వర్డ్, రివర్స్ డ్రమ్ స్విచ్చును డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఉంచవద్దు. నడుస్తుండగా మధ్యలో తెగితే డ్రైవ్ అవుట్‌పుట్ దెబ్బతింటుంది. ఆ స్విచ్చు తీగలను డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు మార్చుకోవాలి.

ఎంవీపీ కాలనీ వాసి:

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు, నేను సర్వీసు కేటగిరీ గురించి మాత్రం గుర్తుచేస్తాను. ఫిట్టర్ గారు సొంత పనికే వాడుకుంటున్నట్లయితే గృహ సర్వీసు మీద నడపడంలో చిక్కు లేదు. కానీ మల్కాపురంలో లేత్ ఉందని తెలిస్తే ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్ల వాళ్లు బుష్‌లు, షాఫ్టులు పట్టుకుని రావడం సహజం. కూలి తీసుకుని క్రమంగా పనిచేయడం మొదలైతే అది గృహ వినియోగం కాదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, మంజూరైన ప్రయోజనానికి కాక వేరొకదానికి విద్యుత్తును వాడితే అనధికార వినియోగంగా పరిగణించి, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు చొప్పున వసూలు చేయవచ్చు. ఎప్పటి నుంచి జరుగుతోందో తేల్చలేకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్క కడతారు. అటువంటి ఆలోచన ఉంటే షెడ్డుకు పరిశ్రమల కేటగిరీలో విడిగా త్రీఫేజ్ సర్వీసు తీసుకోవడమే మేలు, అప్పుడు కన్వర్టర్ అవసరమే ఉండదు. దానికి నెలనెలా కిలోవాట్ల లెక్కన స్థిర రుసుము ఉంటుంది, షెడ్డు తలుపు తీయని నెలలోనూ అది కట్టాలి. అభిరుచి కోసం నడిపే షెడ్డుకు ఆ భారం ఎందుకన్నది కూడా ఆలోచించదగినదే.

మల్కాపురం ఫిట్టర్:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కూలి పనులు పట్టే ఉద్దేశం నాకు లేదు. ఆవిరి యంత్రాల నమూనాలు చేయడం నా చిన్ననాటి కోరిక, షెడ్డు పెట్టుకున్నది దానికోసమే.

చెప్పినట్లే ఇన్వర్టరుతో సహా అన్నీ ఆపి కొలిచాను. మీటరు మీద 3200 అని ఉంది. పది మిణుకులకు 27 సెకన్లు పట్టింది, అంటే సుమారు 417 వాట్లు. నెలకు నూరు గంటలకు 42 యూనిట్లు, 8.75 చొప్పున 367 రూపాయలు. 2,400 ఎక్కడ, ఇది ఎక్కడ! మనసు తేలికపడింది. అయినా ఒక విషయం ఆలోచనలో పడేసింది. లేత్‌తో పైపై కోత వేస్తున్నప్పుడు కూడా మిణుకులు లెక్కపెట్టి, అందులోంచి ఐడ్లర్ వాటా తీసివేస్తే, లేత్ తీసుకుంటున్నది 700 వాట్ల లోపే. గంట కోతకు ముప్పావు యూనిట్టు కూడా కాలేదు. నాలుగు గంటల ఐడ్లర్‌కు మాత్రం 1.7 యూనిట్లు. పని చేసే యంత్రం కన్నా పని చేయనిదే రెండింతలకు పైగా తింటోందన్నమాట.

లేత్ మోటారు మూత తీశాను, ఆరు టెర్మినళ్లు ఉన్నాయి, పట్టీలు స్టార్‌లోనే ఉన్నాయి. షేపర్ ప్లేటు మీద డెల్టా అని స్పష్టంగా ఉంది. లేత్‌కు డ్రైవ్ కొనేంతవరకు ఐడ్లర్‌ను మాటిమాటికీ ఆపి, మళ్లీ వేస్తే ఏమవుతుందన్నది నా చివరి సందేహం. స్టార్టింగులో గుంజే కరెంటు వల్ల ఇంట్లో లైట్లు ఒక్క క్షణం కుంగుతున్నాయి. అంత కరెంటు గుంజుతుంటే, ఆపి మళ్లీ వేయడం కన్నా తిరగనివ్వడమే చౌక అని మా పక్కింటి ఆయన అంటున్నారు.

కంచరపాలెం ఎలక్ట్రికల్:

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ లెక్క దానికి ఒప్పుకోదు. స్టార్టింగులో మీ ఐడ్లర్ 8 కిలోవాట్లు గుంజుతుందనుకున్నా, అది వేగం అందుకునే రెండు సెకన్లకు ఖర్చయ్యేది 16,000 జౌల్‌లు, అంటే యూనిట్టులో 0.0044 భాగం. 417 వాట్లతో ఖాళీగా తిరిగే ఐడ్లర్ అంత శక్తిని 38 సెకన్లలో ఖర్చు చేస్తుంది. నిమిషం దాటి పని లేకపోతే, యూనిట్ల పరంగా ఆపేయడమే లాభం.

అయితే ఇక్కడ చూసుకోవలసింది యూనిట్లను కాదు, స్టార్టింగ్ కెపాసిటరును. ఎలక్ట్రోలైటిక్ రకం స్టార్టింగ్ కెపాసిటర్లను గంటకు ఇరవై స్టార్టులు, ఒక్కొక్కటి మూడు సెకన్లు అన్న లెక్కలో తయారుచేస్తారు. రేకుల షెడ్డులో వేసవి మధ్యాహ్నం అందులో సగమే లెక్కలోకి తీసుకోండి. మోటారు వైండింగుకు కూడా ప్రతి స్టార్టూ ఒక వేడి దెబ్బే. కాబట్టి ఐదు నిమిషాల కొలతకు ఆపనవసరం లేదు, పది నిమిషాలు దాటే మార్కింగుకో, టూల్ పదునుకో కూర్చున్నప్పుడు ఆపండి. స్విచ్చును లేత్ హెడ్‌స్టాక్ పక్కకు, చేతికి అందేచోటికి మార్చుకుంటే ఆపడం అలవాటవుతుంది. గది మూలకు నడిచి వెళ్లి ఆపవలసి వస్తే ఎవరూ ఆపరు.

మీది సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు కనుక మరొకటి చూసుకోండి. కెపాసిటర్ల లగ్గుల మీద పచ్చగా చిలుము పట్టిందంటే అక్కడ బిగువు సడలి వేడెక్కుతున్నట్లే. మెయిన్ దించి, చార్జి దిగే దాకా ఆగి, లగ్గులు గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి. డ్రైవ్ కొన్న తరువాత దాన్ని గోడకు ఊరికే తగిలించకుండా రబ్బరు సీలు ఉన్న పెట్టెలో పెట్టించండి. డ్రైవ్ వేడి బయటికి పోవాలి కనుక ఆ పెట్టె దానికి కనీసం రెండింతల వెడల్పు ఉండాలి. డ్రైవ్ పెట్టాక ఇంటి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే లైనును తెంచే స్విచ్చు) అకారణంగా పడిపోతుంటే, అది డ్రైవ్‌లోని ఫిల్టర్ నుంచి ఎర్త్‌కు వెళ్లే లీకేజీ కావచ్చు. అలాంటప్పుడు ఆర్‌సీసీబీని తీసేయడమో, ఎర్త్ తీగ విప్పడమో చేయవద్దు. షెడ్డుకు విడిగా ఒక ఆర్‌సీసీబీ వేయించి, ఇంటి లైనును దాని నుంచి వేరు చేయించుకోండి.